షామియానా ఊపిరి పీల్చినప్పుడు

టెంట్ హౌస్ పని అంటే గుడ్డ కట్టడం అని అందరూ అనుకుంటారు. గుడ్డ ఎవరైనా కడతారు. దాన్ని ఎప్పుడు దించాలో తెలియడమే అసలు పని. నారాయణఖేడ్‌లో ముప్పై ఏళ్లపాటు నేను చేసింది ఇంతే: మెడ ఎత్తి పడమటి దిక్కు చూడటం, తీరిక దొరికితే కుర్చీలు వేయడం. అలా చూసీ చూసీ నా మెడ నాలుగు వేళ్లు సాగింది. మా ఆవిడ రెండు వేళ్లే అంటుంది. ఆమెకు ప్రతిదీ తగ్గించి చెప్పే అలవాటు.

సర్కారు కొలువులో రిటైర్మెంట్ అంటే పూలదండ, శాలువా, గోడ గడియారం. మా పనిలో ఆ సంగతి నడుమే చెబుతుంది. పోయిన ఎండాకాలం ఒక ఇనుప కర్ర ఎత్తబోతే నా నడుం బస్ డిపో దాకా వినిపించేలా అరిచి, ఇక చాలంది. యాభై దాటినవాడికి అది న్యాయమైన మాటే. దుకాణం తీసుకున్న కుర్రాళ్లు మంచివాళ్లు, కండ ఉన్నవాళ్లు. "అన్నా, గాలి వచ్చేది నీకు ముందుగాల్నే ఎట్ల తెలుస్తది? జర చెప్పు" అని వెంటపడ్డారు. వాళ్ల కోసమూ, ఈ పనిలోకి రాబోయే మిగతావాళ్ల కోసమూ ఇది రాస్తున్నాను. ఇందులో కొన్ని పెంచి చెప్పినవి ఉంటాయి. పెంచిన చోటు మీకే తెలుస్తుంది. గాలి సంగతి మాత్రం తగ్గించే రాశాను.

గుడ్డ పొట్ట

నాకు పని నేర్పింది ఉస్తాద్ సంగప్ప. కర్ణాటక సరిహద్దు అవతలి మనిషి. మాట తెలుగులో ఎక్కి కన్నడంలో దిగేవాడు. ఆయన మీసం ఎంతుండేదంటే, గాలి ఏ దిక్కు నుంచి వస్తోందో సగం ఊరు ఆ మీసం చూసే తెలుసుకునేది. నేను చేరిన మొదటి వారమే నన్ను షామియానా కింద నిలబెట్టి, "నోడో!" అని గదమాయించాడు. చూడరా అని.

"ఏం జూడాలె ఉస్తాద్?"

"గుడ్డను నోడు. పొట్ట కిందికి ఉందా, మీదికి ఉందా?"

"కిందికే ఉన్నది."

"అట్లయితే అన్నం తిను. మీదికి లేచిననాడు అన్నం ఇడిచిపెట్టి ఉరుకు."

నా చదువంతా ఇదే. మామూలు రోజున షామియానా పొట్ట కిందికి వేలాడుతుంది, విందు తిన్న మేనమామలాగా. పెద్ద గాలి వచ్చే ముందు మాత్రం ఊళ్లో గాలన్నదే ఉండదు. ఆకు కదలదు. కూర్చున్నవాడికి కూడా చెమట పడుతుంది. పైన తిరిగే గద్దలు ఎటో దిగిపోతాయి. అప్పుడు ఎక్కడి నుంచో ఒక చల్లటి తెర వచ్చి కాళ్లకు తగులుతుంది. ఆ వెంటనే గుడ్డ మెల్లగా మీదికి లేస్తుంది, పైనుంచి ఎవరో ఊపిరి పీల్చినట్టు. అక్కడి నుంచి మీకు ఒక బీడీ, అదృష్టం ఉంటే రెండు బీడీలు కాలేంత సమయం ఉంటుంది. ఉస్తాద్ కాలాన్ని బీడీల్లోనే కొలిచేవాడు. పెళ్లి భోజనాలు పది బీడీలు, నాయకుడి ఉపన్యాసం ఒక కట్ట.

మబ్బు రంగు కూడా చూడండి. ఒట్టి నల్లమబ్బు తడిపి పోతుంది, దానితో పేచీ లేదు. దెబ్బ తగిలిన చోట రెండో రోజు కనిపించే రంగు ఉంటుంది చూశారా, నీలం మీద పచ్చ తిరిగినట్టు? ఆ రంగు మబ్బులో రాళ్లు ఉంటాయి. ఒక రాళ్లవానలో కొబ్బరికాయంత రాయి పడటం నేను కళ్లారా చూశాను. సరే, నిమ్మకాయంత. కానీ అది నెత్తిన పడినవాణ్ని అడగండి, కొబ్బరికాయే అంటాడు.

ఫోన్‌లో వాతావరణం చూసుకునే పిల్లలకు ఒక మాట. చూడండి, తప్పు లేదు. జిల్లాకు హెచ్చరిక వస్తే దాన్ని ఖాతరు చేయండి. కానీ ఏ పొలం మీద ఏ మబ్బు నిలబడిందో ఫోన్‌కు తెలియదు. ఫోన్‌కు మెడ లేదు.

చక్రాలున్నదానికి తాడు కట్టొద్దు

మా వైపు నేలలో సగం రాయే. మేకు మీద సమ్మెటతో కొడితే మేకు వంగుతుంది, సమ్మెట ఎగురుతుంది, కొట్టినవాడు కూలబడతాడు. అందుకని మేకు దిగని చోట, కనిపించిన బరువుకల్లా తాడు కట్టేసే అలవాటు మా పనివాళ్లందరికీ ఉంది. రోలు, నాగలి, ఇంటి ముందు అరుగు మీద కూర్చున్న లావుపాటి తాత, ఏదైనా సరే. కల్హేర్ దగ్గర ఒక విందులో నేను ఒక మూల తాళ్లన్నీ తెచ్చి ఒక చుట్టం ట్రాక్టరుకు కట్టాను. ట్రాక్టరును మించిన బరువు ఊళ్లో ఏముంది? నా తెలివికి నేనే మురిసిపోయాను.

ట్రాక్టరు ఆసామి తృప్తిగా తిన్నాడు. పాన్ బిగించాడు. ఎక్కి స్టార్ట్ చేశాడు. షామియానా ఆయన వెంట ప్రయాణమైంది. దాని వెనక ఆరు కర్రలు, కర్రల వెనక పెరుగన్నం కలుపుకుంటున్న ఒక పెద్దాయన రుమాలు, అన్నిటికీ వెనక నేను. ఊరి పొలిమేరలో ఎదురైనవాళ్లు ఏదో దేవుడి రథం అనుకుని చెప్పులు విడిచి దండం పెట్టారు.

"ఆగన్నా! ఆగు!" అని అరుస్తూ ఉరికాను.

ఆసామి వెనక్కి తిరిగి చూసి, "ఏమాయె? మిఠాయేమన్న మిగిలిందా?" అన్నాడు.

అప్పటి నుంచి నా సూత్రం: చక్రాలున్నదానికి, ఆకలయ్యేదానికి తాడు కట్టొద్దు. రెండోది బర్రె సంగతి. అది రాయను, బర్రెవాళ్లు మా వీధిలోనే ఉంటారు. మేకు దిగకపోతే ఇసుక సంచులు వేయండి. ఇసుక సంచికి ఇంటికి పోవాలనే తొందర ఉండదు.

కర్ర పట్టుకునే జబ్బు

గాలి రాగానే మన జనం పారిపోరు. కర్ర పట్టుకుంటారు. టెంటువాడి గుడ్డ పోతుందే అని పాపం, ఒక్కో కర్రకు నలుగురు వేలాడతారు. మంచితనం వల్ల వచ్చే జబ్బు ఇది, అందుకే మందు లేదు. ఒకసారి ఒక పెళ్లికొడుకు మేనమామ అలాగే పట్టుకున్నాడు. గాలి గుడ్డను లేపింది, గుడ్డ కర్రను లేపింది, కర్ర మేనమామను లేపింది. తాటిచెట్టంత ఎత్తు లేచాడని నేను చెబుతుంటాను. ఆయనా కాదనడు, అందులో ఆయనకు ఒక గౌరవం ఉంది. దిగింది గడ్డివాము మీద కాబట్టి నవ్వుకుంటున్నాం. చెయ్యి విరిగి ఆరు వారాలు దవాఖాన చుట్టూ తిరిగాడన్నది మాత్రం నేను పెంచింది కాదు.

నేల మీద పడుకున్న షామియానా ఎవరికీ ఏమీ చేయదు. నిలబడ్డ షామియానా గురించి నేను ఆ మాట ఇవ్వలేను. కాబట్టి అనుమానం వస్తే దించండి. దించాక మబ్బు ఉత్తదైపోయిందా, నవ్వితే నవ్వనివ్వండి. నేను ఉత్త మబ్బులకు దించిన టెంట్లు లెక్కపెడితే హైదరాబాద్ దాకా నీడ వేయొచ్చు. ఖేడ్‌లో నన్ను మబ్బుల మల్లేశం అనేది అందుకే.

ఆ ఉత్త మబ్బుల్లో ఒకటి నాగల్‌గిద్ద దగ్గర బస్వరాజ్ పటేల్ పెద్దబిడ్డ పెళ్లిలో వచ్చింది. నేను టెంటు దించేశాను. ఒక్క చుక్క పడలేదు. మగపెళ్లివాళ్లు మే నెల ఎండలో నిలబడి తిన్నారు. పెళ్లికొడుకు మేనత్త ముఖానికి వేసుకున్న పౌడరు కారి పప్పులో కలిసిందని ఆ ఊరివాళ్లు ఇప్పటికీ పటేల్‌ను దెప్పుతారు.

తొండం

అయినా రెండో బిడ్డ అనిత పెళ్లికి పటేల్ నన్నే పిలిచాడు.

"నీ గుడ్డ మంచిగుంటది, గందుకే పిల్చిన. గీసారి మబ్బు దిక్కు జూసినవంటే కండ్లకు గంతలు కడ్త, చెప్తున్న."

లగ్నం పన్నెండింటికి పెట్టారు. మా దగ్గర లగ్నం పంతులు పెట్టినప్పుడు కాదు, డీజే ఆగినప్పుడు అవుతుంది. పొద్దు పడమటికి వాలింది. మగపెళ్లివాళ్ల బరాత్ ఊరి బయట రోడ్డు మీదే ఎగురుతోంది. టెంటు కింద ఊరంతా కూర్చుని ఉంది. ఆడవాళ్లు, ముసలివాళ్లు, నిద్రపోయిన పసిపిల్లలు.

నేను మజ్జిగ తాగుతూ పైకి చూశాను. గుడ్డ పొట్ట మీదికి ఉంది.

గ్లాసు కింద పెట్టి బయటికొచ్చాను. పడమట ఆ దెబ్బ రంగు మబ్బు పొలాల మీదికి వంగి ఉంది. దాని అడుగు నుంచి ఒక ముక్క కిందికి వేలాడుతోంది. ముందు పొగ అనుకున్నాను. పొగ పైకి పోవాలి కదా, ఇది కిందికి వస్తోంది. సన్నగా, కొస వంకరగా, తన చుట్టూ తానే తిరుగుతూ. మబ్బుకు తొండం మొలిచినట్టు. దాని కింద కోసిన చేలల్లో దుమ్ము గుండ్రంగా లేస్తోంది. జీవితంలో లేని తొండాలు ఎన్నో చెప్పాను. ఇది ఉంది.

"పటేలా, టెంటు దించాలె. జల్దీ."

"ఏందీ?"

"మబ్బుకు తొండం దిగింది, ఇటే వస్తున్నది."

"గిప్పుడు తొండమా? పెద్దబిడ్డ పెండ్లికి ఏం దిగిందన్నవ్? తోకనా?"

కుర్చీల్లో ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు. చూపిద్దామంటే పక్కింటి మేడ అడ్డం. నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఆయన చెయ్యి విదిలించుకున్నాడు. అప్పుడు ఆయన గొంతు మారింది.

"లగ్నం గాకముందుకు పందిరి గూల్చేటోడు ఎవడన్న ఉంటడా మల్లేశా? రేపు నా బిడ్డకు ఏమన్న అయితే గా మాట ఎవరి మీద వడ్తది?"

మా వైపు పందిరి అంటే పెళ్లి. లగ్నం కాకుండా దాని గుంజ కదిపితే ఆ ఇంటి ఆడపిల్ల బతుకునే కదిపినట్టు. పటేల్ మొండితనం చేయడం లేదు, భయపడుతున్నాడు. ఇద్దరం భయపడుతున్నాం, వేరువేరు వాటికి.

అప్పుడు పటేల్ తల్లి నాగమ్మ అవ్వ కర్ర పొడుచుకుంటూ మేడ మూల దాటి నిలబడింది. సంతలో వంకాయలు చూసేంత శ్రద్ధగా మబ్బును చూసింది. అందులో పుచ్చు కనిపెట్టినట్టు తల ఆడించింది.

"ఏమాయెరా బస్వరాజూ, గంత పరేషాన్ అయితున్నవ్?"

"పందిరి దించుమంటుండు అవ్వా గీడు."

"ఏ పందిరి?"

"గిదే!"

"గిది పందిరా?" అవ్వ కర్రతో షామియానాను పొడిచింది. "మామిడి కొమ్మలు, నేరేడు కొమ్మలు గట్టి మనం ఏసిన పచ్చటి పందిరి వాకిట్ల ఉన్నది. దానికి పసుపు వెట్టినం, మొక్కినం. గీ కిరాయి గుడ్డకు ఎవడన్న పసుపు వెట్టిండా? ఎండకు గొడుగు వడ్తం, గాలొస్తె ముడుస్తం. గొడుగు ముడిస్తె పెండ్లి ఆగుతదా?"

పటేల్ వాకిట్లోని పచ్చటి పందిరి దిక్కు చూశాడు.

"దించుర మల్లేశా," అంది అవ్వ. "నా పందిరి గుంజ ముట్టినవంటే మాత్రం నీ నడుం ఇరుగుతది."

పిల్లలూ, ఇది రాసుకోండి. ముందు పక్క పరదాలు పీకాలి. తర్వాత గాలి వచ్చే దిక్కు దించాలి, ఆ అంచు నేలకు తగిలితే గాలి పైనుంచి పోతుంది. అటు వదిలేసి ఇటు దించారో, మీ షామియానా తెరచాప అవుతుంది, మీకు ఓడ లేదు. మేం తాళ్లు వదులుతుంటే జనం మళ్లీ కర్రలు పట్టుకున్నారు. నేను అరిచాను, వినలేదు. అవ్వ తన కర్రతో వేళ్ల మీద కొట్టుకుంటూ వరుసగా వచ్చింది, విన్నారు. అందరినీ కందులు నిలవ చేసే గోదాములోకి తోలాం. గట్టి కప్పు, మందమైన గోడలు.

గోదాము తలుపు దగ్గర బాసికం కట్టుకున్న అనిత నా చొక్కా పట్టుకుంది.

"కాకా, బరాత్ ఏడున్నది?"

ఊరందరినీ లోపల పెట్టి, పెళ్లికొడుకును మబ్బు కింద వదిలేశాం.

డీజే

ఎవరి బండో తీసుకుని ఉరికాను. బరాత్ రోడ్డు మీద, చుట్టూ బయలు పొలాలు. డీజే డబ్బాలు ఇంటింత ఎత్తున్నాయి. ఆ మోతకు దారి పొడుగునా కోళ్లు రేపటి గుడ్లు కూడా ఇవ్వాళే పెట్టేసి ఉంటాయి. అసలు విచిత్రం ఏమిటంటే, వెనక ఉరుము ఉరిమినప్పుడల్లా డీజేవాడు తన డబ్బాలే అంత బాగా మోగుతున్నాయనుకుని మురిసిపోయి సౌండు ఇంకాస్త పెంచుతున్నాడు.

"తొండం! తొండం!" అని గొంతు చించుకున్నాను. నా అరుపు నాకే వినపడలేదు. రెండు చేతులూ పైకెత్తి మబ్బు చూపించాను. కొత్త స్టెప్పు అనుకున్నారు. పెళ్లికొడుకు కారు టాపు మీద నుంచి నన్ను చూసి తానూ రెండు చేతులూ మబ్బు మీదికి ఊపాడు. బరాత్ మొత్తం ఊపింది. ఇద్దరు నన్ను లాగి మధ్యలో పెట్టారు. ఒకాయన నా మెడలో తువ్వాల వేసి, "వారెవ్వా, ఖేడ్ మామా!" అన్నాడు. తొండం ముందు నేను నిజంగానే రెండు స్టెప్పులు వేశాను, వేయకపోతే వదిలేలా లేరు.

మూడో స్టెప్పులో వంగి, వాళ్ల కాళ్ల మధ్య నుంచి పాకి, డీజే బండి వెనక్కి పోయి జనరేటర్ ఆపేశాను.

"ఎవడురా బంద్ జేసింది?" అని డీజేవాడు లేచాడు. కొట్టడానికి పదిమంది కదిలారు. అప్పుడు ఉరిమింది. ఈసారి ఒంటరిగా. డబ్బాలు ఆగాయి కదా, మరి ఈ మోత ఎక్కడిది అని అందరి తలలూ ఒక్కసారి వెనక్కి తిరిగాయి.

రెండు చేల అవతల జొన్నచొప్ప కుప్ప ఒకటి కుప్పగానే లేచి, గాలిలో విడిపోయి, గిరగిరా తిరుగుతూ తొండంలోకి ఎక్కుతోంది.

"గదేంది?" అన్నాడు పెళ్లికొడుకు చిన్నగా.

నేను ఏమీ పెంచలేదు. "మోరిలకు ఉరుకుండ్రి!" అన్నాను.

రోడ్డు కింద ఎండిన వాగుకు పెద్ద తూము, మా మాటలో మోరి, ఉంది. బరాత్ మొత్తం అందులో దూరింది. పెళ్లికొడుకు, అతని తల్లి, ల్యాప్‌టాప్‌ను కన్నబిడ్డలా పొట్టకు హత్తుకున్న డీజేవాడు, వాళ్లందరి కింద నేను. నీళ్లు వచ్చి ఉంటే మోరి కూడా మంచి చోటు కాదు. ఆ రోజు అంతకుమించి ఏమీ దొరకలేదు. పైన రాళ్లవాన మొదలైంది. మధ్యలో ఒక ఈల. నేను రకరకాల గాలులు విన్నాను, అలాంటి ఈల మళ్లీ వినలేదు, వినాలనీ లేదు. చీకట్లో ఎవరో ముసలాయన, "లగ్నం టైం ఇంక ఉన్నదా, వోయిందా?" అని అడిగాడు. పెళ్లికొడుకు తల్లి, "మనం ఉన్నమా లేమా, గది జూడు ముందు" అంది.

ఈల దూరమైంది. బయటికొచ్చి చూస్తే తొండం పొట్టిదై, మబ్బులోకి ముడుచుకుంటోంది. డీజే బండి మీది రంగుల గొడుగు లేదు. ఏ ఊళ్లో దిగిందో ఇప్పటికీ తెలియదు.

లేపుదామా?

తిరిగొస్తే షామియానా నేల మీద నిమ్మళంగా పడుకుని ఉంది, దాని మీద తెల్లగా రాళ్లు. టైం చాలక దించకుండా వదిలేసిన ఒక్కటే వస్తువు, ముందరి ఇనుప స్వాగత ద్వారం, జిలేబీలా మెలితిరిగి, కుర్చీలు వేసిన చోటికి వచ్చి పడి ఉంది. కాసేపటి క్రితం పసిపిల్లలు పడుకున్న వరుస అది. పటేల్ దాని పక్కన నిలబడి దాన్నే చూస్తున్నాడు. నేను వచ్చింది కూడా గమనించలేదు.

లగ్నం వాకిట్లో పచ్చటి పందిరి కింద అయింది. ఆకులన్నీ రాలిపోయాయి, గుంజలు మాత్రం నిలబడ్డాయి. మోకాళ్ల దాకా మోరి బురదతో పెళ్లికొడుకు పీట మీద కూర్చుంటే, అనిత తలంబ్రాలు పోస్తూ నవ్వు ఆపుకోలేకపోయింది. ఆ నవ్వు చూసి అవ్వ కొంగుతో కళ్లు ఒత్తుకుని, "పొగ" అంది. అక్కడ పొగ లేదు.

ఇక భోజనాలు పెట్టడం మిగిలింది, జనం మళ్లీ గోదాములో కూర్చున్నారు. షామియానా మళ్లీ లేపాలి. నా మనుషులు తడిసిన తాళ్లు సర్దుతున్నారు. ఇంతలో పటేల్ తెల్లటి ధోతి ఎగ్గట్టుకుని వచ్చి, ఒక తాడు తన చేతికి చుట్టుకున్నాడు. ఆ చెయ్యి ఇంతకు ముందు తాడు పట్టింది ఎద్దుల బేరంలోనే అయి ఉంటుంది. పడమటి దిక్కు చూశాడు. తర్వాత నా మొహం చూశాడు.

"చెప్పు మల్లేశా, లేపుదామా?"

మబ్బు విరిగిపోయింది. అంచున ఎండ కూడా పడుతోంది. అయినా ఆ మబ్బు తోక కొస తిరుగుతున్న తీరు నాకు నచ్చలేదు.

"జర ఆగుదాం పటేలా."

ఆయన తాడు వదలకుండా అలాగే నిలబడ్డాడు. గోదాము తలుపు తీసి మగపెళ్లి పెద్దమనిషి ఒకాయన తల బయటికి పెట్టాడు. "ఏమయ్యా పటేలా, అన్నం వెడ్తరా వెట్టరా? పేగులు అరుస్తున్నయ్!"

పటేల్ వెనక్కి తిరగకుండానే జవాబిచ్చాడు.

"ఆగుండ్రి. మల్లేశం మబ్బు జూస్తుండు."